మీకు తెలుసా? రిపోర్టులో ఆ ‘1ఎ’ ఎలా వచ్చిందో

కడ్డీతో కొలిచిన రోజులు

గర్భసంచి లోపలి పొరను ఎండోమెట్రియం అంటారు. ఆ పొరలో పుట్టిన క్యాన్సర్ ఏ స్టేజీలో ఉందో చెప్పడానికి 1970ల్లో డాక్టర్లు ఒక సన్నటి లోహపు కడ్డీ వాడేవారు. దాన్ని గర్భసంచిలోకి పంపి లోతు కొలిచేవారు. జబ్బు గర్భసంచి దాటలేదనిపిస్తే, లోతు 8 సెంటీమీటర్లు లేదా అంతకంటే తక్కువైతే 1ఎ, ఎక్కువైతే 1బి. స్త్రీవైద్య నిపుణుల అంతర్జాతీయ సమాఖ్య, అందరూ ఫిగో అని పిలిచే సంస్థ, 1971లో ఇచ్చిన పట్టిక అది. గర్భసంచి ఎంత పెరిగితే జబ్బు అంత ముదిరినట్టు లెక్క. కడుపు కోయకుండా తెలుసుకోవాలంటే అప్పట్లో అంతకంటే దారి లేదు. కానీ ఫైబ్రాయిడ్ గడ్డలున్నా గర్భసంచి పెరుగుతుంది. ఎక్కువ కాన్పులైనవారిలో మామూలుగానే కాస్త పెద్దగా ఉంటుంది. క్యాన్సరేమో చిన్న గర్భసంచిలో కూడా చడీచప్పుడు లేకుండా కండరంలోకి దిగిపోగలదు.

అసలీ స్టేజీలు ఎందుకు పెట్టారు?

1920ల చివరి మాట. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కు పారిస్, మ్యూనిక్, స్టాక్‌హోమ్ నగరాల్లో రేడియంతో వైద్యం చేస్తున్నారు. ఎవరి పద్ధతి మెరుగో తేల్చాలని నానాజాతి సమితి ఆరోగ్య విభాగం పూనుకుంది. వెంటనే ఒక చిక్కు వచ్చింది. జబ్బు మొదట్లోనే ఉన్నవాళ్లు ఎక్కువగా చేరే ఆసుపత్రికి వైద్యం ఎలా ఉన్నా మంచి ఫలితాలే వస్తాయి. ముదిరినవాళ్లను కూడా చేర్చుకునే చోట మరణాలు ఎక్కువ కనిపిస్తాయి. కాబట్టి ముందు జబ్బు తీవ్రతను బట్టి రోగులను విడదీసి, సాటివాళ్లతోనే పోల్చాలి. 1929లో తొలి వర్గీకరణ అలా వచ్చింది. ఎండోమెట్రియల్ క్యాన్సర్‌కు స్టేజీలు ఏర్పడింది 1950ల్లో.

ఈ పుట్టుక తెలిస్తే చాలా సంగతులు అర్థమవుతాయి. కొన్ని వందల మందిని మరికొన్ని వందల మందితో పోల్చడానికి తయారైన కొలమానం ఇది. మనమేమో రిపోర్టు చేతిలో పట్టుకుని ‘మా అమ్మకు ఏమవుతుంది?’ అని దాన్నే అడుగుతాం. అడగడంలో తప్పులేదు. అది ఇచ్చే జవాబు మాత్రం ‘ఇలాంటి వందమందిలో ఇంతమందికి ఇలా జరిగింది’ అన్నంత వరకే.

621 మంది స్త్రీలు పట్టిక మార్పించారు

అమెరికాలో జీఓజీ 33 అనే అధ్యయనం ఒకటి జరిగింది. ఫలితాలు 1987లో అచ్చయ్యాయి. అందులో ఉన్న 621 మందినీ పైపై పరీక్షల్లో ఒకటో స్టేజీ అనే అనుకున్నారు. అందరికీ ఆపరేషన్ చేసి, లింఫ్ గ్రంథులు తీసి, పొట్ట కడిగిన నీటిని కూడా పరీక్షకు పంపారు. చూస్తే 22 శాతం మందిలో జబ్బు అప్పటికే గర్భసంచి బయట జాడ చూపించింది. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా స్టేజీ తప్పుగా పడింది.

అంతకంటే విలువైన సంగతి ఇంకొకటి అందులోనే బయటపడింది. క్యాన్సర్ లోపలి పొరకే పరిమితమైన స్త్రీలలో కటి భాగంలోని లింఫ్ గ్రంథులకు పాకింది సుమారు 1 శాతం మందికి. కండరం లోపలి అంచుల్లోకి మాత్రమే దిగితే 5 శాతం మందికి. అదే కండరపు బయటి మూడోవంతు దాకా దిగినవారిలో ఏకంగా 25 శాతం మందికి. గర్భసంచి గోడ మహా అయితే ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల మందం. ఆ కాస్త మందంలో నాలుగైదు మిల్లీమీటర్ల తేడా మనిషి భవిష్యత్తును ఇంతగా మార్చేస్తుంది. గోడ బయటి వైపు పెద్ద రక్తనాళాలు, లింఫ్ నాళాలు ఉంటాయి. క్యాన్సర్ కణాలు అక్కడికి చేరాయంటే వాటికి బయటకు దారి దొరికినట్టే.

మరుసటి ఏడాదే, 1988లో, ఫిగో కడ్డీ కొలతను పక్కన పెట్టేసింది. అప్పటి నుంచి ఈ క్యాన్సర్‌కు అసలు స్టేజీ ఆపరేషన్ అయ్యాక, పాథాలజిస్ట్ మైక్రోస్కోపు కింద చూశాకే ఖరారవుతుంది. ఆపరేషన్‌కు ముందు ఎమ్మారై చూసి చెప్పేది అంచనా.

2009లో పట్టికను మళ్లీ సరిచేశారు. మన దగ్గర చాలా రిపోర్టుల్లో కనిపించేది ఆ పట్టికే. గోడ మందంలో సగం లోపు దిగితే 1ఎ, సగం లేదా అంతకు మించి దిగితే 1బి. ముఖద్వారం లోతు కణజాలానికి పాకితే రెండో స్టేజీ. అండాశయాలు, యోని, లింఫ్ గ్రంథుల దాకా వెళితే మూడు. మూత్రాశయం, పేగుల లోపలి పొరకు గానీ దూరాన ఉన్న అవయవాలకు గానీ చేరితే నాలుగు. పొట్ట కడిగిన నీటిలో కణాలు దొరికినంత మాత్రాన స్టేజీ పెంచడాన్ని అప్పుడే మానేశారు. అదొక్కటే భవిష్యత్తును నమ్మకంగా చెప్పలేకపోతోందని తేలింది. పట్టికలో ఒక గడి నిలబడాలంటే అది జోస్యం చెప్పగలగాలి. చెప్పలేకపోతే తీసేస్తారు. ఈ నిజాయితీ నాకు ఎంతో నచ్చుతుంది.

గ్రంథులన్నీ తీసేస్తే ఆయుష్షు పెరుగుతుందా?

పెరుగుతుందనే చాలాకాలం నమ్మారు. ఇటలీలో 514 మందిని రెండు జట్లుగా చేసి చూశారు. ఒక జట్టుకు లింఫ్ గ్రంథులన్నీ తీశారు, రెండో జట్టుకు అలా తీయలేదు. గ్రంథులు తీసిన జట్టులో 13 శాతం మందికి, అన్నీ తీయని జట్టులో 3 శాతం మందికి గ్రంథుల్లో క్యాన్సర్ ఉన్నట్టు తెలిసింది. బతికిన కాలం మాత్రం రెండు జట్లలోనూ ఒకేలా ఉంది. 2008లో ఆ ఫలితం వచ్చింది. మరుసటి ఏడాది బ్రిటన్ ఆధ్వర్యంలో 1,408 మందితో జరిగిన ఆస్టెక్ అధ్యయనం కూడా అదే మాట చెప్పింది. జబ్బు ఎంత దూరం వెళ్లిందో కనుక్కోవడం ఒక పని, జబ్బును నయం చేయడం ఇంకో పని. పైగా గ్రంథులన్నీ తీసేస్తే కొందరికి కాళ్లు వాచిపోయి, ఆ వాపు జీవితాంతం ఉండిపోతుంది.

ఇప్పుడు చాలాచోట్ల ఆకుపచ్చ రంగు మందు ఎక్కించి, ప్రత్యేక కెమెరాతో చూసి, లింఫ్ ముందుగా చేరే ఒకటి రెండు గ్రంథులనే తీస్తున్నారు. వాటిని సెంటినల్ నోడ్స్ అంటారు. 2017లో వచ్చిన ఫైర్స్ అధ్యయనంలో ఈ పద్ధతితో గ్రంథులు దొరికినవారిని చూస్తే, క్యాన్సర్ పాకిన స్త్రీలను 97 శాతం కచ్చితంగా పట్టుకుంది. స్టేజీ తెలిసింది, కాళ్లకు ముప్పూ తగ్గింది.

ఎవరూ ఎక్కువ కాలం బతక్కుండానే ఫలితాలు మెరుగవుతాయి!

ఇది నమ్మబుద్ధి కాదు గానీ లెక్క వేస్తే తేలిపోతుంది. ఊహకు అంకెలు వేసుకుందాం. ఒకటో స్టేజీలో 100 మంది స్త్రీలు ఉన్నారు, ఐదేళ్ల తర్వాత 85 మంది బతికున్నారు. మూడో స్టేజీలో 20 మంది, వారిలో 10 మంది బతికున్నారు. ఇప్పుడు ఇంకా సూక్ష్మంగా వెతికితే ఒకటో స్టేజీ వాళ్లలో 10 మందికి గ్రంథుల్లో జబ్బు కనిపించింది. వాళ్లను మూడో స్టేజీలోకి మార్చారు. ఆ పదిమందిలో ఐదేళ్ల తర్వాత ఏడుగురు బతికున్నారు. ఇప్పుడు ఒకటో స్టేజీ లెక్క 90కి 78, అంటే 85 నుంచి దాదాపు 87 శాతానికి పెరిగింది. మూడో స్టేజీ లెక్క 30కి 17, అంటే 50 నుంచి దాదాపు 57కి పెరిగింది. మొత్తం మీద బతికినవాళ్లు అప్పుడూ ఇప్పుడూ 120 మందిలో 95 మందే.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్వాన్ ఫైన్‌స్టీన్, ఆయన సహచరులు 1985లో ఊపిరితిత్తుల క్యాన్సర్ గణాంకాల్లో దీన్ని పట్టుకున్నారు. విల్ రోజర్స్ అనే హాస్యకారుడు, ఓక్లహోమా నుంచి కాలిఫోర్నియాకు వలసలు పోయాక రెండు రాష్ట్రాల్లోనూ సగటు తెలివి పెరిగిందని అన్నాడని చెప్పుకుంటారు. అందుకే ఆయన పేరే దీనికి పెట్టారు. ‘పదేళ్ల కిందటితో పోలిస్తే మూడో స్టేజీ వాళ్లు ఇప్పుడు ఎక్కువమంది బతుకుతున్నారు’ అని ఎక్కడైనా చదివితే, ఆ పదేళ్లలో స్టేజీ వేసే పద్ధతి మారిందా అని ముందు చూడాలి.

స్టేజీ వేరు, గ్రేడ్ వేరు

రెండూ అంకెలే కావడంతో ఇళ్లలో తరచూ కలిపేస్తారు. జబ్బు ఎంత దూరం వెళ్లిందో స్టేజీ చెబుతుంది. కణాల అమరిక ఎంత చెదిరిందో గ్రేడ్ చెబుతుంది. ఎక్కువమందికి వచ్చే ఎండోమెట్రియాయిడ్ రకంలో, లోపలి పొరలో సహజంగా ఉండే గ్రంథుల (లింఫ్ గ్రంథులు కావు) ఆకారం పోయి కణాలు ముద్దగా పెరిగిన భాగం 5 శాతం లోపు ఉంటే గ్రేడ్ 1, 6 నుంచి 50 శాతం వరకు గ్రేడ్ 2, ఆపైన గ్రేడ్ 3. ‘గ్రేడ్ 3’ అని చూసి మూడో స్టేజీ అనుకుని కుంగిపోయే కుటుంబాలు ఉంటాయి. ఒకటో స్టేజీలోనే గ్రేడ్ 3 ఉండొచ్చు.

మైక్రోస్కోపు కింద భయపెట్టి, మంచి చేసే క్యాన్సర్

ఈ వ్యాసంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆశ్చర్యపరిచే భాగం ఇదే. 2013లో నేచర్ పత్రికలో 373 ఎండోమెట్రియల్ క్యాన్సర్ల జన్యు పరిశీలన అచ్చయింది. పైకి ఒకేలా కనిపించే ఈ జబ్బు లోపల నాలుగు రకాలని అది తేల్చింది.

కణం రెండుగా చీలే ముందు తన డీఎన్ఏను నకలు తీసుకుంటుంది. పోలీ అనే జన్యువు ఆ నకలులో తప్పులు దిద్దే పని చేస్తుంది. ఈ పోలీయే చెడితే తప్పులు వేలకొద్దీ పేరుకుపోతాయి. అలాంటి గడ్డలు చూడటానికి వికారంగా ఉంటాయి. చాలా వాటికి గ్రేడ్ 3 పడుతుంది. కానీ ఇంత విపరీతంగా మారిపోయిన కణాలను శరీరపు రోగనిరోధక శక్తి పరాయివాటిగా గుర్తుపట్టి దాడి చేస్తుందని శాస్త్రవేత్తల భావన. నెదర్లాండ్స్ ఆధ్వర్యంలో జరిగిన పోర్టెక్-3 అధ్యయనంలో ప్రమాదం ఎక్కువని ఎంచి చేర్చుకున్న స్త్రీలలో, పోలీ మార్పు ఉన్నవారిలో ఐదేళ్ల తర్వాత 98 శాతం మందికి జబ్బు తిరగబెట్టలేదు. అదే అధ్యయనంలో పి53 ప్రొటీన్ చెడినవారిలో ఆ సంఖ్య 48 శాతమే. ఇద్దరికీ అదే స్టేజీ, అదే గ్రేడ్ ఉండొచ్చు. మైక్రోస్కోపుకు కనిపించని తేడా ఇద్దరి దారులను వేరు చేస్తోంది. పి53 చెడినవారికి రేడియేషన్‌తో పాటు కీమో ఇస్తే మేలు ఎక్కువని కూడా ఆ అధ్యయనమే చూపింది.

ఫిగో 2023లో ఈ జన్యు సమాచారాన్ని స్టేజీలోకే తీసుకొచ్చింది. జబ్బు ఒకటో, రెండో స్టేజీలో ఉండి పోలీ మార్పు కనిపిస్తే దాన్ని 1ఎ కిందికి దింపుతారు. పి53 చెడి, కండరంలోకి కాస్త దిగినా 2సికి ఎక్కిస్తారు. ఇలా జన్యు పరీక్షను బట్టి వేసిన స్టేజీ పక్కన ‘ఎమ్’ అక్షరం చేరుతుంది. కాబట్టి ఒకే స్త్రీకి, ఒకే గడ్డకు, 2009 పట్టికలో 1ఎ, 2023 పట్టికలో 2సి పడవచ్చు. జబ్బు రాత్రికి రాత్రి పెరగలేదు, దాని గురించి మనకు తెలిసింది పెరిగింది. రెండు పట్టికలూ ఇంకా వాడుకలో ఉన్నాయి. అందుకే రెండో డాక్టరు అభిప్రాయానికి వెళ్లేటప్పుడు రిపోర్టులోది ఏ సంవత్సరపు పట్టికో అడిగి తెలుసుకోవాలి.

2023 పట్టిక మరీ చిక్కుగా ఉందని, పోలీ పరీక్ష అన్నిచోట్లా దొరకదని అభ్యంతరాలు వచ్చాయి. అవి న్యాయమైనవే. కానీ పి53 పరీక్షకు, డీఎన్ఏ తప్పులు సరిదిద్దే ప్రొటీన్లు ఉన్నాయో లేదో చూసే ఎంఎంఆర్ పరీక్షకు జన్యుక్రమం చదవాల్సిన పని లేదు. బయాప్సీ ముక్కకు రంగులు వేసి చూస్తే చాలు, పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల ల్యాబుల్లో చేస్తారు. పోలీ పరీక్ష అందుబాటులో లేదని ఈ రెండూ మానేయడం సరికాదు.

బట్టలు కుట్టే ఆమె ముందే చెప్పింది

1895లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆల్డ్రెడ్ వార్థిన్ అనే పాథాలజిస్ట్‌తో బట్టలు కుట్టి బతికే ఒక స్త్రీ తన దిగులు చెప్పుకుంది. మా వాళ్లంతా పేగుల క్యాన్సర్‌తోనో గర్భసంచి క్యాన్సర్‌తోనో పోయారు, నేనూ అలాగే పోతానని ఆమె భయం. తర్వాత ఆమె నిజంగానే ఎండోమెట్రియల్ క్యాన్సర్‌తో చనిపోయింది. వార్థిన్ ఆమె మాటను కొట్టిపారేయకుండా ఆ కుటుంబ చరిత్రంతా రాసిపెట్టి 1913లో ప్రచురించాడు. వంశపారంపర్యంగా వచ్చే ఆ స్థితిని ఇప్పుడు లించ్ సిండ్రోమ్ అంటున్నాం. ఎంఎంఆర్ పరీక్ష దాని జాడ పట్టిస్తుంది. ఎంఎంఆర్ లోపం ఉన్న ప్రతివారికీ అది వంశంలోది కాదు, ఎక్కువమందికి గడ్డలోనే పుట్టిన మార్పు. వంశంలోది అని తేలితే మాత్రం అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, కూతుళ్లు, కొడుకులు కూడా పరీక్ష చేయించుకుని పేగుల క్యాన్సర్‌ను ముందే పట్టుకోవచ్చు.

ఆ లోపం ఉన్నవారికి ఇంకో దారి కూడా తెరుచుకుంది. జబ్బు ముదిరిన, లేదా తిరగబెట్టిన స్త్రీలకు కీమోతో పాటు డోస్టార్లిమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు ఇచ్చి చూసిన రూబీ అధ్యయనం 2023లో వచ్చింది. ఎంఎంఆర్ లోపం ఉన్నవారిలో రెండేళ్ల తర్వాత జబ్బు పెరగకుండా నిలిచినవారు సుమారు 61 శాతం. కీమో ఒక్కటే తీసుకున్నవారిలో అది దాదాపు 16 శాతం. నాలుగో స్టేజీ అంటే అందరికీ ఒకటే దారి అనుకునే రోజులు పోయాయి.

ఐదేళ్ల అంకెలు ఎప్పటివి?

అమెరికా లెక్కల్లో, జబ్బు గర్భసంచిలోనే ఉండగా కనుక్కుంటే ఐదేళ్ల మనుగడ సుమారు 95 శాతం. చుట్టుపక్కలకు పాకితే 70. దూరపు అవయవాలకు చేరితే 20 దగ్గర. అదే వయసు మామూలు స్త్రీలతో పోల్చి వేసిన లెక్క ఇది. ఐదేళ్ల మనుగడ తెలియాలంటే ఐదేళ్లు గడవాలి కదా. అంటే ఈ అంకెలన్నీ అంతకు ముందు వైద్యం పొందినవారివి. పైన చెప్పిన మందులు చాలామందికి అప్పటికి అందనే లేదు.

95కూ 20కీ మధ్య ఉన్నంత తేడాను తగ్గించే అవకాశం ఈ జబ్బు తనంతట తానే ఇస్తుంది. ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించడం దాని గుర్తు. ఈ క్యాన్సర్ వచ్చినవారిలో దాదాపు 90 శాతం మందికి ఆ గుర్తు ఉంటుంది. అలా రక్తం కనిపించినవారిలో క్యాన్సర్ తేలేది మాత్రం 9 శాతం మందికే. భయపడి దాచుకోవాల్సిన పని లేదు, ‘వేడి చేసిందిలే’ అని వదిలేయడానికీ లేదు. ఒక్క చుక్క కనిపించినా స్త్రీవైద్యుల దగ్గరికి వెళ్లాలి.

గుండె సంగతి పట్టిక చెప్పదు

అమెరికాలో 33 వేలకు పైగా ఎండోమెట్రియల్ క్యాన్సర్ రోగుల మరణ కారణాలను చూస్తే మొదటి స్థానంలో ఉన్నది గుండె, రక్తనాళాల జబ్బులు. బరువు, షుగర్, బీపీ ఈ క్యాన్సర్‌తో కలిసి నడుస్తాయి. 1ఎ అని తేలిన స్త్రీకి క్యాన్సర్ చెకప్‌లతో పాటు బీపీ మాత్ర మానకపోవడం కూడా ఆయుష్షుకు సంబంధించిన విషయమే.

తిరగబెట్టినా స్టేజీ మారదు

మొదట్లో వేసిన స్టేజీయే రికార్డులో ఉండిపోతుంది. ఒకటో స్టేజీలో వైద్యం పొందిన స్త్రీకి మూడేళ్లకు ఊపిరితిత్తుల్లో మచ్చ కనిపిస్తే ‘తిరగబెట్టిన ఒకటో స్టేజీ’ అనే రాస్తారు.

తీసిన గర్భసంచి ఎక్కడికి వెళ్లింది?

గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపుతున్నాయి. చాలామందికి కారణం అధిక రక్తస్రావం. రక్తస్రావానికని తీసిన గర్భసంచిలో అనుకోకుండా క్యాన్సర్ బయటపడటం ఉంది. దాన్ని పరీక్షకు పంపకపోతే క్యాన్సర్ ఉన్నట్టే తెలియదు, ఇక స్టేజీ మాట ఎక్కడిది? లోపలే ముక్కలు చేసి బయటకు తీస్తే గోడలో ఎంత లోతుకు దిగిందో కొలవడం కష్టమవుతుంది, కణాలు పొట్టలో చెదిరే ప్రమాదమూ ఉంది. అందుకే నలభై దాటిన వయసులో రక్తస్రావానికి గర్భసంచి తీయాలని చెబితే, ముందు లోపలి పొర బయాప్సీ చేశారా అని అడగాలి. తీశాక పాథాలజీ రిపోర్టు చేతికి తీసుకోవాలి.

క్యాన్సర్ అని తేలితే ఆ రిపోర్టులో కణాల రకం, గ్రేడ్, గోడ మందంలో ఎంత భాగం దిగింది, ముఖద్వారం సంగతి, లింఫ్ నాళాల్లో కణాలున్నాయా, ఉంటే ఎన్ని నాళాల్లో, పి53, ఎంఎంఆర్ ఫలితాలు ఉండాలి. లేనిది ఏదైనా ఉంటే అడగడానికి మొహమాటపడకండి. గడ్డ ముక్కలను మైనంలో పెట్టి బ్లాకులుగా ల్యాబులో భద్రపరుస్తారు. ఇప్పుడు చేయని పరీక్షను కొన్నేళ్ల తర్వాత కూడా ఆ బ్లాకుల మీద చేయించవచ్చు. ఇంకో ఆసుపత్రికి మారుతున్నా, వేరే ఊళ్లో రెండో అభిప్రాయం తీసుకుంటున్నా, స్లైడ్లనూ బ్లాకులనూ అడిగి రసీదు రాసిచ్చి వెంట తీసుకెళ్లండి.